పాపికొండల యాత్రకు వెళ్ళే ముందు

తిరువూరు మీదుగా పోయే 30వ నెంబరు జాతీయ రహదారి నేరుగా భద్రాచలం చేరుస్తుంది. అందుకే పాపికొండలు మనకు దగ్గరే అనిపిస్తాయి. కానీ 2008లో జాతీయ పార్కుగా ప్రకటించిన ఆ అడవి వెయ్యి చదరపు కిలోమీటర్ల పైమాటే. పడవ ఎక్కాక చాలాచోట్ల ఫోను పలకదు, ఆస్పత్రి గంటల దూరం.

మీ ఇంట్లో బి.పి., షుగరు, ఫిట్స్ ఉన్నవారు వస్తుంటే రెండు రోజుల యాత్రకు నాలుగు రోజుల మందులు, మందుల చీటీతో సహా, చేతిసంచిలోనే ఉంచండి. ఇన్సులిన్ ఎండలో ఆపిన కారులో వదలవద్దు. ఈమధ్యే గుండెపోటు వచ్చినవారు, ఆపరేషను అయినవారు డాక్టరుగారిని అడగకుండా బయలుదేరవద్దు. గోదావరికి వరద ఉంటే యాత్ర మానుకోండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగింది వరద నీటిలోనే. లైఫ్ జాకెట్ ఉక్కపోస్తుందని విప్పవద్దు.

అన్నిటికంటే ముఖ్యం మలేరియా. ఏజెన్సీలో రాత్రి బసచేస్తే దోమతెర, ఒళ్ళంతా కప్పే బట్టలు తప్పవు. దోమ కుట్టిన వెంటనే జ్వరం రాదు. మామూలుగా వారం దాటాకే వస్తుంది, ఒక్కోసారి నెల దాటవచ్చు. అప్పటికి యాత్ర సంగతే మరిచిపోతారు. ఓ.పి.లో మేము అడిగితే "ఎక్కడికీ వెళ్ళలేదు సిస్టర్" అనేవారే ఎక్కువ! ఫాల్సిపారం రకం మెదడుకు సోకితే ప్రాణాపాయం. కాబట్టి తిరిగి వచ్చాక చలిజ్వరం వస్తే మాత్రలు కొని మింగి చూడవద్దు. అదే రోజు వచ్చి, పాపికొండలకు వెళ్ళామని మేము అడగకముందే చెప్పి, రక్తపరీక్ష చేయించండి.