అర చెంచానా, ఆరు చెంచాలా? మా మైకుల పరీక్ష

పిల్లల విరేచనాల గురించి మేము రికార్డు చేసి పంపిన ప్రసంగం విని, మన సంఘ కుటుంబాల్లోని ఒక మామ్మగారు పిల్లల వార్డుకు ఫోన్ చేశారు. “సిస్టరమ్మా, మనవడికి ఉప్పు పంచదార నీళ్ళు కలుపుతున్నాను. ఆరు చెంచాల ఉప్పు అన్నారు. అంత ఉప్పు పసివాడు ఎట్లా తాగుతాడమ్మా?” అని అడిగారు.

ఫోన్ ఎత్తిన సిస్టరుకు ఒక్క క్షణం నోట మాట రాలేదు. మేము చెప్పింది లీటరు నీళ్ళకు అర చెంచా ఉప్పు, ఆరు చెంచాల పంచదార. మామ్మగారికి రెండుసార్లూ ‘ఆరు’ అనే వినిపించింది. అంత ఉప్పు పసిబిడ్డ కడుపులోకి వెళితే రక్తంలో సోడియం పెరిగి, ఫిట్స్ వచ్చి, ప్రాణం మీదికి రావచ్చు. ఆమె అనుమానపడి అడిగారు కాబట్టి సరిపోయింది. అడగనివారు ఎందరున్నారో అన్న ఆలోచనతో ఆ రాత్రి మాలో కొందరికి నిద్ర పట్టలేదు.

మర్నాడు ఆ రికార్డింగును అందరం కూర్చుని విన్నాం. మాకు ‘అర’ అనే వినిపించింది. చదివింది మేమే, రాసింది మేమే, మాకు అలాగే వినిపిస్తుంది మరి. తరువాత ఓ.పి.లో కూర్చున్న పెద్దవాళ్ళను బతిమాలి వినిపించాం. వాళ్ళలో కొందరు మామ్మగారి మాటే అన్నారు. తప్పు మామ్మగారి చెవిది కాదు, మా రికార్డింగుదేనని అప్పుడు ఒప్పుకున్నాం.

పాడ్‌కాస్ట్ అనే మాట కొందరికి కొత్తగా ఉండవచ్చు. రేడియో ప్రసంగం వంటిదే, కాకపోతే మీకు వీలైనప్పుడు ఫోన్‌లో వినవచ్చు, ఆపవచ్చు, మళ్ళీ వినవచ్చు. ఈ పేరు 2004లో పుట్టింది. చదవడం రానివారికి, చూపు తగ్గినవారికి కరపత్రం కంటే ఇది మేలని మేము మొదలుపెట్టాం. అయితే కరపత్రంలో అక్షరం అలుక్కుపోతే కనిపిస్తుంది. మాట అలుక్కుపోతే వినేవారికి ఆ సంగతే తెలియదు.

నాలుగు మైకులు, ఒకే పేజీ

మైకు మంచిది కాదని మొదట అందరమూ దానిమీదే నెపం వేశాం. ఆ ప్రసంగాన్ని మీటింగు హాల్లో, బల్ల మధ్యన ఫోన్ పెట్టి రికార్డు చేశాం. ఇప్పుడు నాలుగు రకాలు పోగుచేశాం: అదే ఫోను, జాకెట్టుకు తగిలించుకునే కాలర్ మైకు, కంప్యూటరుకు నేరుగా తగిలించే కండెన్సర్ మైకు, పాటల బృందం చేతపట్టుకుని పాడే డైనమిక్ మైకు. ఒకే సిస్టరు ఒకే పేజీని నాలుగింటిలోనూ చదివారు. ఏది ఏ మైకో చెప్పకుండా చీటీల మీద అంకెలు వేసి వినిపించాం. “ఏది బాగుంది?” అని అడగలేదు. “ఉప్పు ఎంత? పంచదార ఎంత? జింకు మాత్ర ఎన్ని రోజులు?” అని అడిగాం.

మొదటి రోజు పరీక్ష వృథా అయింది. అందరూ ఒకే చీటీకి ఓటు వేశారు. తీరా చూస్తే అది మిగతావాటికంటే కాస్త గట్టిగా వినిపిస్తోంది, అంతే. గట్టిగా ఉన్నదే బాగున్నట్టు చెవికి తోచడం మామూలే. అందుకని నాలుగింటి శబ్దాన్నీ ఒకే మట్టానికి తెచ్చి మళ్ళీ మొదలుపెట్టాం. పాడ్‌కాస్ట్‌లకు ఆపిల్ సంస్థ సూచించే మట్టం −16 ఎల్.యు.ఎఫ్.ఎస్. అది శబ్దం చెవికి ఎంత గట్టిగా తోస్తుందో చెప్పే కొలత. ఉచితంగా దొరికే ఆడాసిటీ వంటి ప్రోగ్రాముల్లోనే ఆ సదుపాయం ఉంది.

కండెన్సర్ మైకు చాలా సున్నితమైనది. సిస్టరు గొంతు ఎంత చక్కగా పట్టిందో, వరండాలో స్ట్రెచర్ చక్రాల కిర్రునూ, కిటికీ బయటి కాకులనూ, జనరేటరునూ అంత చక్కగానూ పట్టింది. నిశ్శబ్దమైన స్టూడియోలో అది రాజే. ఆసుపత్రిలో నిశ్శబ్దం ఎక్కడ తెస్తాం?

కాలర్ మైకు మీద మాకు ఆశ ఎక్కువగా ఉండేది. నోటికి దగ్గరగా ఉంటుంది, తల తిప్పినా దూరం పెద్దగా మారదు. కానీ గంజి పెట్టిన నూలుచీర పైట దానికి తగిలినప్పుడల్లా చరచరమని శబ్దం. మెడలో ఐ.డి. కార్డు తాడు ఇంకొకటి. పైట పిన్ను పెట్టి, కార్డు తీసేస్తే మాత్రం ఈ మైకు బాగానే పనిచేసింది. ఇటువంటి చిన్న మైకుల్లో ఎక్కువ భాగం ఎలక్ట్రెట్ రకానివి. 1962లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ వీటిని కనిపెట్టారు. ఆ వెస్ట్ గారే తరువాతి కాలంలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో చేరి, ఆసుపత్రుల్లో రోద గురించి పరిశోధన చేశారని చదివి మాకు ముచ్చట వేసింది.

పాటల బృందం డైనమిక్ మైకు పాతకాలపుది. ఈ రకంలో అందరికీ తెలిసిన షూర్ ఎస్.ఎం.58 1966 నుండి ఉంది. ఈ మైకులకు దూరపు శబ్దాలు అంతగా పట్టవు. నోటికి నాలుగు వేళ్ళ దూరంలో ఉంటేనే బాగా పలుకుతాయి. అదే మాకు కలిసివచ్చింది. కాకులు పోయాయి, స్ట్రెచర్ పోయింది. ఒక చిక్కు మాత్రం ఉంది. సిస్టరు కాగితం చూడటానికి తల పక్కకు తిప్పగానే గొంతు సన్నబడింది. కాగితాన్ని మైకు వెనుక, కళ్ళకు ఎదురుగా తగిలించాక అది తీరింది. ‘భ’, ‘ఫ’, ‘ప’ వంటి అక్షరాలకు ఊపిరి సూటిగా తగిలి ‘ఢబ్’మనకుండా మైకును కాస్త పక్కవాటుగా పెట్టాం.

దుప్పట్ల గది

అసలు పాఠం మైకు దగ్గర కాదు, గది దగ్గర నేర్చుకున్నాం. హాల్లో నేల టైల్స్, గోడలు నున్నన, కిటికీలకు అద్దాలు. ఒక్కసారి చప్పట్లు కొడితే ‘ఖంగ్’మని తోక సాగుతుంది. మన తెలుగులో హ్రస్వానికీ దీర్ఘానికీ తేడా అంతా కాలంలోనే ఉంది కదా. ‘అ’ పలికి ఆపినా గది ఆపదు. ప్రతిధ్వని ఆ అచ్చును సాగదీస్తుంది. ‘అర’ కాస్తా ‘ఆర’లా వినిపిస్తుంది. తరువాతి మాట వెంటనే అందుకుంటే ఇంకేముంది, ‘ఆరు చెంచాల’ అయిపోతుంది. మామ్మగారు విన్నది గది పలికిన దీర్ఘాన్ని.

ఎన్నో గదులు తిరిగాక, ఉతికిన దుప్పట్లు, దిండుగలీబులు పేర్చి ఉంచే గది దొరికింది. మూడు వైపులా అరల నిండా గుడ్డలే. అక్కడ చప్పట్లు కొడితే శబ్దం అక్కడికక్కడే చచ్చిపోయింది. ఆ గదిలో, తక్కువని మేము తోసేసిన ఫోనుతోనే, దగ్గరగా పెట్టి రికార్డు చేస్తే, హాల్లోని కండెన్సర్ మైకు కంటే మాట తేటగా వచ్చింది. కొత్త మైకు కొనడానికి కేటాయించిన డబ్బు అలాగే మిగిలింది. ఇప్పుడు రికార్డింగు ఉన్న రోజు లాండ్రీవారి అనుమతి తీసుకుంటున్నాం.

దూరం సంగతీ అంతే. మైకుకూ నోటికీ మధ్య దూరం రెట్టింపు అయితే గొంతు సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గదిలోని ప్రతిధ్వని మాత్రం తగ్గదు. 40 సెంటీమీటర్ల నుండి 10 సెంటీమీటర్లకు జరిగితే 12 డెసిబెల్స్ లాభం, ఖర్చు లేకుండా. 1816లో పారిస్‌లో డాక్టర్ లెనెక్ కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి గుండె మీద పెట్టి విన్నారు. స్టెతస్కోపు అలా మొదలైంది. ఈ రోజుకీ ఏ డాక్టరూ స్టెతస్కోపును గది అవతల నుండి చూపించి గుండె వినరు. మేమే ఫోనును బల్ల మధ్యన పెట్టి, ఆరుగురం చుట్టూ కూర్చున్నాం.

శుభ్రం ఎక్కువైతే

రికార్డు చేశాక కంప్యూటరులో చేసే పనులు ఇంకో ఎత్తు. కొన్ని నిజంగా ఉపయోగపడ్డాయి. 80 హెర్ట్జ్ కంటే దిగువ శబ్దాలను కోసేస్తే, ఫ్యాను గుబగుబ, కరెంటు 50 హెర్ట్జ్ గీ చాలావరకు పోయాయి. ఆడవారి గొంతుకు నష్టం ఏమీ లేదు. కంప్రెసర్ అనేది గట్టి మాటలను కాస్త తగ్గించి, మెల్లని మాటలకు దగ్గర చేస్తుంది. మేము వాడిన నిష్పత్తి 3కి 1. అంటే పెట్టిన హద్దు మీద 3 డెసిబెల్స్ పెరిగిన శబ్దం 1 మాత్రమే పెరిగినట్టు వస్తుంది. బస్సులో వినేవారికి, వంటింట్లో కుక్కరు పక్కన వినేవారికి ఇది మేలు చేసింది.

నాయిస్ గేట్ మాత్రం మమ్మల్ని భయపెట్టింది. మాట లేనప్పుడు శబ్దాన్ని పూర్తిగా మూసివేసి, మాట మొదలవగానే తెరిచే తలుపు అది. వినడానికి ఎంతో శుభ్రంగా ఉంది. కానీ తలుపు తెరుచుకోవడం రవ్వంత ఆలస్యమైతే మొదటి అచ్చు బయటే ఉండిపోతుంది. ఆరు నెలలు దాటిన బిడ్డకు విరేచనాలప్పుడు జింకు రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున 14 రోజులు ఇవ్వాలి. ఆ ‘ఇరవై’ గేటు దాటి ‘రవై’గా వచ్చింది. అది ఇరవయ్యా, అరవయ్యా? విన్నవారిలో ఇద్దరు అరవై అన్నారు. గేటును ఆ రోజే తీసేశాం.

రోద తగ్గించే పనిముట్టుదీ అదే ధోరణి. కొన్ని సెకన్ల ఖాళీ శబ్దాన్ని నమూనాగా చూపిస్తే, అటువంటిదాన్ని అంతటా తగ్గిస్తుంది. గట్టిగా పెడితే గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టు అయింది. మన మాటలు చాలావరకు అచ్చుతో, అదీ మెల్లగా ముగుస్తాయి. ‘చెంచా’కూ ‘చెంచాల’కూ తేడా ఆ చివరి చిన్న అక్షరమే. అది రోదతో పాటు కొట్టుకుపోయింది. 6 డెసిబెల్స్‌కు మించి తగ్గించకూడదని నిర్ణయించుకున్నాం. వెనుక కొద్దిగా ఫ్యాను వినిపిస్తే వినిపించనీ.

కృత్రిమ మేధతో గొంతును బాగుచేసే ఒక ప్రోగ్రామునూ చూశాం. హాల్లో చేసిన పాత రికార్డింగును ఇస్తే స్టూడియోలో చదివినట్టు చేసి ఇచ్చింది. అందరం చప్పట్లు కొట్టబోతూ ఆగాం. మసకగా ఉన్న ‘అర’ను అది తేటగా ‘ఆరు’ చేసింది. ఇటువంటివాటిలో కొన్ని, ఉన్న శబ్దాన్ని తుడవడంతో ఆగవు. అస్పష్టంగా ఉన్నచోట తమకు తోచిన శబ్దాన్ని కొత్తగా అల్లి పెడతాయి. మసకగా వినిపించింది కాబట్టే మామ్మగారు ఫోన్ చేసి అడిగారు. ఇంత తేటగా వినిపించి ఉంటే అడిగేవారు కారేమో.

ఇంకొక మాట. వయసుతో వచ్చే వినికిడి లోపంలో ముందుగా తగ్గేది సన్నని, హెచ్చు స్థాయి శబ్దాలు. ‘స’, ‘ష’, ‘చ’ వంటివి అక్కడే ఉంటాయి. అందుకే “మాట వినిపిస్తోంది గానీ అర్థం కావడం లేదు” అంటారు పెద్దవారు. వారి కోసం 2,000 నుండి 4,000 హెర్ట్జ్ మధ్య శబ్దాన్ని కొంచెం పెంచాం. ‘స’ల బుస తగ్గించే పనిముట్టును వాడటం లేదు. వెనుక సంగీతం తీసేశాం. ఇది కొందరికి నచ్చలేదు. ఇంట్లో ఎవరైనా టి.వి. శబ్దం రోజురోజుకూ పెంచుతున్నట్టయితే, విసుక్కోకుండా వినికిడి పరీక్షకు తీసుకురండి.

చివరకు మేము చేసిన పెద్ద మార్పు మైకులోనూ లేదు, కంప్యూటరులోనూ లేదు. రాతలో ‘అర’ అనే మాటనే కొట్టేశాం. ఇప్పుడు సిస్టరు ఇలా చదువుతున్నారు: “ఉప్పు సగం చెంచా. సగమే. మళ్ళీ చెబుతున్నాం, టీ చెంచాలో సగం ఉప్పు. పంచదార ఆరు చెంచాలు. మంచినీళ్ళు ఒక లీటరు.” చెంచా గోపురంలా కాకుండా సమంగా ఉండాలనీ, ఓ.ఆర్.ఎస్. పొట్లం దొరికితే అదే మేలనీ, దాని మీద రాసినన్ని నీళ్ళలోనే కలపాలనీ ముందుగానే చెబుతున్నాం. ప్రతి ప్రసంగాన్నీ పంపేముందు మామ్మగారికి ఫోన్‌లో వినిపించి, విన్న కొలతలను తిరిగి చెప్పమని అడుగుతున్నాం. ఆమె చెప్పాకే అది బయటికి వెళుతుంది.

విరేచనాల మీద మేము మొదట పంపిన ప్రసంగం మీ ఫోన్‌లో గానీ, మీరు పంపినవారి ఫోన్‌లో గానీ ఇంకా ఉంటే దయచేసి తీసివేయండి. వెనుక సంగీతం వినిపిస్తే అది పాతదే. కొత్తది కావలసినవారు ఓ.పి. చీటీల కౌంటరు దగ్గర అడిగితే ఫోన్‌లోకి ఎక్కించి ఇస్తారు.