గుండె తలుపు తెరిచే బుడగ

ఎండలు ముదిరాయంటే భద్రాచలం అడవి అంచు ఊళ్లలో తునికాకు పని మొదలవుతుంది. తెల్లవారక ముందే ఆడవాళ్లు అడవికి పోతారు. ఆకు కోస్తారు. యాభై ఆకులకు ఒక కట్ట కడతారు. మూట నెత్తిన పెట్టుకుని కల్లానికి తెస్తారు.

ఆ గుంపులో ఒక కోడలు పిల్ల ఉందనుకుందాం. వయసు ఇరవై ఏళ్లు. పెళ్లయి ఏడాది అయింది. ఇప్పుడు నాలుగో నెల. నాలుగు అడుగులు వేస్తే ఆమెకు ఆయాసం వస్తుంది. చెట్టుకు ఆనుకుని నిలబడుతుంది.

"ఏందే పిల్లా, అప్పుడే అలిసినవా?" అని తోటివాళ్లు నవ్వుతారు.

రాత్రి పడుకుంటే దమ్ము వస్తుంది. లేచి కూర్చుంటే కాస్త నయం. గుండె దడదడలాడుతుంది. ఆ మాట అత్తకు చెప్పింది.

"వంట్లో రక్తం లేదు బిడ్డా. ఆకుకూర తిను" అన్నది అత్త.

పక్కింటి అవ్వ "గాలి సోకింది, తాయెత్తు కట్టించు" అన్నది.

రక్తం తక్కువైతే ఆయాసం వచ్చే మాట నిజమే. ఆకుకూర తినడం మంచిదే. కానీ ప్రతి ఆయాసమూ రక్తం తక్కువై వచ్చేది కాదు. ఈ పిల్లకు వచ్చిన కష్టం వేరు. ఆమె గుండెలో ఒక తలుపు అతుక్కుపోయింది.

నాలుగు గదుల ఇల్లు

గుండె పిడికిలి అంత ఉంటుంది. అది నాలుగు గదుల ఇల్లు లాంటిది. పైన రెండు గదులు, కింద రెండు గదులు. కుడివైపు గదుల్లోకి ఒళ్లంతా తిరిగి వచ్చిన చెడు రక్తం చేరుతుంది. అక్కడి నుండి ఊపిరితిత్తులకు పోతుంది. ఊపిరితిత్తుల్లో శుభ్రపడిన రక్తం ఎడమవైపు గదుల్లోకి వస్తుంది. అక్కడి నుండి మళ్లీ ఒళ్లంతా పోతుంది.

పై గదికీ కింది గదికీ మధ్య తలుపు ఉంటుంది. దాన్ని డాక్టర్లు కవాటం అంటారు, వాల్వు అని కూడా అంటారు. ఈ తలుపు ఒకవైపే తెరుచుకుంటుంది. పోయిన రక్తాన్ని వెనక్కు రానివ్వదు.

ఎడమవైపు తలుపు పేరు మైట్రల్ కవాటం. దానికి రెండు రెక్కలు. మంచి ఆరోగ్యం ఉన్న మనిషికి ఆ రెక్కలు తెరుచుకుంటే మధ్యలో సందు 4 నుండి 6 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. అంటే సుమారు పాత రూపాయి బిళ్ల అంత.

జబ్బు చేస్తే రెక్కల అంచులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. సందు ఇరుకవుతుంది. ఒక చదరపు సెంటీమీటరుకు కూడా దిగిపోవచ్చు. అంటే చొక్కా గుండీ అంత. ఒళ్లంతటికీ పోవలసిన రక్తం ఆ గుండీ అంత సందులోంచి పోవాలి. పోలేని రక్తం వెనక్కు తన్నుతుంది. ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరుగుతుంది. అందుకే ఆయాసం. అందుకే పడుకుంటే దమ్ము.

తలుపు ఎందుకు అతుక్కుంటుంది?

దీని మొదలు చిన్నప్పటి గొంతు నొప్పిలో ఉంటుంది. వినడానికి వింతగా ఉన్నా ఇది నిజం.

అయిదు నుండి పదిహేనేళ్ల పిల్లలకు ఒక రకం సూక్ష్మజీవి వల్ల గొంతు నొప్పి వస్తుంది. ఆ సూక్ష్మజీవి పేరు స్ట్రెప్టోకాకస్. ఒకే గదిలో ఎక్కువమంది పడుకునే ఇళ్లలో ఇది తొందరగా అంటుకుంటుంది. ఒళ్లు ఆ సూక్ష్మజీవితో పోరాడుతుంది. ఆ పోరాటంలో కొందరు పిల్లలకు ఒక పొరపాటు జరుగుతుంది. ఒళ్లు తన కీళ్లనే, తన గుండెనే శత్రువు అనుకుని దెబ్బ కొడుతుంది.

రెండు మూడు వారాల తర్వాత జ్వరం వస్తుంది. ఈరోజు మోకాలు వాస్తుంది. అది తగ్గాక మడమ వాస్తుంది. తర్వాత మోచెయ్యి. దీన్ని కీళ్లవాత జ్వరం అంటారు. కొన్నాళ్లకు వాపు పోతుంది. పిల్ల మళ్లీ ఆడుకుంటుంది. అందరూ ఆ సంగతి మర్చిపోతారు.

కీళ్లు నయమవుతాయి. గుండె తలుపు మీద మాత్రం మచ్చ మిగులుతుంది. మళ్లీ మళ్లీ ఆ జ్వరం వస్తే మచ్చ ముదురుతుంది. ఏళ్లు గడిచేసరికి రెక్కలు అతుక్కుంటాయి.

ఇలా తలుపు ఇరుకయ్యే జబ్బు మగవాళ్లకంటే ఆడవాళ్లకే ఎక్కువ. చాలామందికి కడుపుతో ఉన్నప్పుడే అది బయటపడుతుంది. ఎందుకంటే గర్భిణి ఒంట్లో రక్తం దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. అంత రక్తం ఇరుకు సందులోంచి పోలేదు. కాన్పు సమయంలోనూ, కాన్పు అయిన మొదటి రోజుల్లోనూ ప్రాణం మీదికి రావచ్చు. తలుపు సంగతి ముందే తెలిస్తే తల్లినీ బిడ్డనూ కాపాడుకోవచ్చు.

రొమ్ము కోయవలసిందేనా?

"గుండె జబ్బట. రొమ్ము కోస్తారట." ఈ మాట వినగానే ఇంటిల్లిపాదీ భయపడతారు. కొందరు ఆస్పత్రికి పోవడమే మానేస్తారు.

ఒకప్పుడు ఈ తలుపు తెరవాలంటే ఛాతీ కోయక తప్పేది కాదు. ఇప్పుడు చాలామందికి ఆ అవసరం లేదు. సన్నని గొట్టం చాలు. ఆ గొట్టాన్ని క్యాథెటర్ అంటారు. దాని కొసకు ఒక బుడగ ఉంటుంది.

గొట్టాన్ని గుండె దాకా పంపవచ్చని మనుషులకు ఎలా తెలిసింది? 1929లో జర్మనీ దేశంలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే కుర్ర డాక్టరు ఉండేవాడు. చేతి నరం గుండా గుండెకు గొట్టం పంపవచ్చని అతను నమ్మాడు. పై డాక్టరు ఒప్పుకోలేదు. గెర్డా డిట్జెన్ అనే నర్సు "నా మీద చెయ్యండి" అని ముందుకు వచ్చింది. అతను ఆమెను బల్ల మీద పడుకోబెట్టి కట్టాడు. ఆమెకు తెలియకుండా గొట్టాన్ని తన చేతి నరంలోకే ఎక్కించుకున్నాడు. ఆ గొట్టంతోనే ఎక్స్‌రే గదికి నడిచిపోయాడు. గొట్టం కొస గుండెలో ఉన్నట్టు ఎక్స్‌రేలో కనిపించింది. మొదట చాలామంది అతన్ని తిట్టారు. 1956లో అతనికీ మరో ఇద్దరు డాక్టర్లకూ నోబెల్ బహుమతి వచ్చింది.

తర్వాత జపాన్ దేశపు డాక్టరు కాంజీ ఇనోవే బుడగ ఉన్న గొట్టం తయారుచేశాడు. ఆయన స్వయంగా గుండె ఆపరేషన్లు చేసే డాక్టరు. అయినా కోత లేకుండా తలుపు తెరిచే దారి వెతికాడు. ఆ సంగతి 1984లో లోకానికి తెలిపాడు. ఢిల్లీ డాక్టర్లు కూడా అమెరికా డాక్టర్లతో కలిసి బుడగతో ఈ తలుపు తెరిచారు. ఆ సంగతి 1985లో డాక్టర్ల పత్రికలో వచ్చింది. ఇప్పుడు మన దేశంలో పెద్దాసుపత్రులు చాలా వాటిలో ఈ చికిత్స చేస్తున్నారు.

బుడగ ఎలా పనిచేస్తుంది?

ముందు ఎకో పరీక్ష చేస్తారు. కడుపులో బిడ్డను చూసే స్కానింగు లాంటిదే ఇది. నొప్పి ఉండదు. తలుపు ఎంత ఇరుకైందో అందులో కనిపిస్తుంది.

చికిత్స చేసే గదిని క్యాత్ ల్యాబ్ అంటారు. మత్తు ఇచ్చి నిద్రపుచ్చవలసిన పని సాధారణంగా ఉండదు. కుడి గజ్జ దగ్గర తిమ్మిరి సూది వేస్తారు. అక్కడి నరంలోకి సన్నని తీగ, దాని వెంట గొట్టం పంపుతారు.

కిన్నెరసాని పోయి గోదావరిలో కలుస్తుంది కదా. కాలి నరం కూడా అలాగే పోయి పెద్ద నరంలో కలుస్తుంది. పెద్ద నరం గుండెకు చేరుతుంది. గొట్టం ఆ దారినే పైకి పోతుంది. డాక్టర్లు ఎక్స్‌రే తెర మీద దాన్ని చూస్తూ ఉంటారు.

గొట్టం చేరేది గుండె కుడివైపు పై గదికి. అతుక్కున్న తలుపేమో ఎడమవైపు ఉంది. రెండు పై గదుల మధ్య గోడలో పలుచని చోటు ఒకటి ఉంటుంది. అక్కడ సూదితో చిన్న రంధ్రం చేసి గొట్టాన్ని ఎడమ గదిలోకి పంపుతారు. ఆ రంధ్రం చాలామందికి కొన్ని నెలల్లో దానంతటదే పూడుతుంది.

అక్కడి నుండి ముడుచుకున్న బుడగను తలుపు సందులోకి దించుతారు. మందు కలిపిన నీళ్లతో దాన్ని ఉబ్బిస్తారు. మొదట ముందు సగం ఉబ్బుతుంది. దాన్ని వెనక్కు లాగి తలుపుకు ఆనిస్తారు. తర్వాత వెనక సగం ఉబ్బుతుంది. అప్పుడు బుడగ డమరుకంలాగా కనిపిస్తుంది. తలుపు దాని నడుము దగ్గర ఇరుక్కుంటుంది. చివరికి నడుము కూడా ఉబ్బుతుంది. అతుక్కున్న అంచులు విడిపోతాయి. ఇదంతా కొన్ని సెకన్ల పని. వెంటనే నీళ్లు లాగేస్తారు.

బుడగ ఎంత ఉండాలో మనిషి ఎత్తును బట్టి లెక్క కడతారు. ఎత్తు 150 సెంటీమీటర్లయితే పదితో భాగిస్తే 15 వస్తుంది. దానికి 10 కలిపితే 25. అంటే బుడగను 25 మిల్లీమీటర్ల వెడల్పు దాకా ఉబ్బించవచ్చు. అది పాత రూపాయి బిళ్ల వెడల్పు. తలుపు చిన్నప్పటి అంత పెద్దది కాదు. అయినా సందు సుమారు రెండింతలవుతుంది. చాలామందికి ఆయాసం వెంటనే తగ్గుతుంది.

గొట్టం తీశాక గజ్జ దగ్గర గట్టిగా అదిమిపెడతారు. కొన్ని గంటలు కాలు కదపకుండా పడుకోవాలి. అంతా బాగుంటే కొద్ది రోజుల్లోనే ఇంటికి పంపుతారు. ఛాతీ మీద కుట్లు ఉండవు.

స్టెంటు వేరు, ఇది వేరు. స్టెంటు గుండెకు రక్తం ఇచ్చే నరం పూడితే వేస్తారు. హైదరాబాదులో డాక్టర్ సోమరాజు, శాస్త్రవేత్త అబ్దుల్ కలాం కలిసి 1990లలో తక్కువ ఖర్చుతో స్టెంటు తయారుచేశారు. ఈ బుడగ మాత్రం గుండె తలుపు కోసం.

అందరికీ బుడగ పనికి రాదు

తలుపు సున్నంలాగా గట్టిపడితే బుడగకు విడదు. తలుపు బాగా కారుతుంటే బుడగ వాడరు. గుండె గదిలో రక్తం గడ్డ ఉంటే కూడా వాడరు. గడ్డ ఉందో లేదో చూడడానికి గొంతు గుండా ఒక గొట్టం దింపి పరీక్ష చేస్తారు. బుడగ పనికిరాని వాళ్లకు ఆపరేషనే దారి. దానికీ భయపడవద్దు. ఆపరేషన్‌తో బాగుపడి పనులు చేసుకునేవాళ్లు ఎందరో ఉన్నారు.

బుడగతోనూ కొద్దిమందికి ప్రమాదం రావచ్చు. తలుపు ఎక్కువ చీలి రక్తం కారవచ్చు. అప్పుడు వెంటనే ఆపరేషన్ చేయాలి. ఏళ్లు గడిచాక తలుపు మళ్లీ ఇరుకవ్వచ్చు. అందుకే డాక్టరు చెప్పిన గడువుకు పోయి చూపించుకోవాలి.

కడుపుతో ఉన్నవాళ్లకు మొదట మందులు ఇస్తారు. మందులతో ఆయాసం తగ్గకపోతే, నెలలు చూసి, కడుపుకు ఎక్స్‌రే తగలకుండా సీసపు కవచం అడ్డుపెట్టి బుడగ చికిత్స చేస్తారు. పెళ్లికి ముందే, కడుపు రాకముందే చేయించుకుంటే ఇంకా మంచిది.

ఎక్కడికి పోవాలి? ఖర్చు ఎంత?

ముందు ఆశా కార్యకర్తకు చెప్పాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గానీ భద్రాచలం ఏరియా ఆస్పత్రిలో గానీ డాక్టరుకు చూపించాలి. గుండె మీద గొట్టం పెట్టి వింటే తలుపు చప్పుడులో తేడా తెలుస్తుంది. అనుమానం ఉంటే పెద్దాసుపత్రికి చీటీ రాస్తారు.

ఖమ్మం జిల్లా ప్రభుత్వ ఆస్పత్రిలో 2022లో క్యాత్ ల్యాబ్ తెరిచారు. హైదరాబాదులో నిమ్స్, గాంధీ, ఉస్మానియా ఆస్పత్రుల్లో గుండె విభాగాలు ఉన్నాయి. బుడగ చికిత్స ఎక్కడ చేస్తారో చీటీ రాసే డాక్టరునే అడగాలి.

బుడగ చికిత్స ఆరోగ్యశ్రీ జాబితాలో ఉంది. ఈ పథకం 2007లో మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబరులో దీని పరిమితిని ఏడాదికి ఒక కుటుంబానికి 10 లక్షల రూపాయలకు పెంచారు. రేషన్ కార్డు, ఆధార్ కార్డు వెంట తీసుకుపోవాలి. ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర అనే ఉద్యోగి ఉంటారు. కాగితాల పని వారిని అడగాలి. చింతూరు, కూనవరం లాంటి మండలాలు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. అక్కడివాళ్లకు ఆ రాష్ట్రపు పథకం వర్తిస్తుంది.

మూడు వారాల సూది

బుడగ తలుపును తెరుస్తుంది. జబ్బు మొదలును మాత్రం తీసెయ్యదు. కీళ్లవాత జ్వరం మళ్లీ రాకుండా మూడు వారాలకు ఒకసారి పెన్సిలిన్ సూది వేయించుకోవాలి. ఎన్నేళ్లు వేయించుకోవాలో డాక్టరు చెప్తారు. కొందరికి నలభై ఏళ్లు వచ్చేదాకా కావాలి. సూది నొప్పిగా ఉంటుంది. బాగానే ఉన్నాం కదా అని మానితే తలుపు మళ్లీ పాడవుతుంది.

పిల్లల గొంతు నొప్పిని తేలిగ్గా తీసుకోవద్దు. జ్వరంతో గొంతు నొప్పి వస్తే డాక్టరుకు చూపించాలి. ఇచ్చిన మందు పూర్తిగా వాడాలి. బడికి వచ్చే ఆరోగ్య బృందం పిల్లల గుండె కూడా పరీక్షిస్తుంది. ఆ రోజు పిల్లలను బడి మాన్పించవద్దు.

గుర్తుపెట్టుకోవలసిన మాటలు

నడిస్తే ఆయాసం, పడుకుంటే దమ్ము, గుండె దడ, దగ్గితే రక్తపు చారలు, కాళ్ల వాపు. వీటిలో ఏది కనిపించినా దాచుకోవద్దు.

చిన్నప్పుడు కీళ్లు వాచిన జ్వరం వచ్చి ఉంటే ఆ మాట డాక్టరుకు చెప్పాలి.

ఆయాసం ఎక్కువై పడుకోలేకపోతే 108కి ఫోన్ చేయాలి.

ఇక ఆ కోడలు పిల్ల సంగతి. ఆమె ఆయాసాన్ని చూసి నవ్వకుండా తోటివాళ్లలో ఒక్కరు ఆగితే చాలు. "చిన్నప్పుడు నీకు కీళ్లు వాచినయా పిల్లా?" అని ఒక్కరు అడిగితే చాలు. ఆ ప్రశ్నతోనే ఆమె ఆస్పత్రి దారి పడుతుంది. అత్త, మొగుడు, ఆశా కార్యకర్త తోడు నడిస్తే ఆ దారి దూరం కాదు.