ఆ ఆరుగురిని వేసేస్తే లెవెల్ పెరుగుతుంది!

శనివారం రాత్రి పదకొండు. గచ్చిబౌలిలో మా ఫ్లాట్. టేబుల్ మీద చల్లారిపోయిన మిర్చి బజ్జీలు, నాలుగు క్యారెక్టర్ షీట్లు, పాచికలు. మా ఎదురుగా ఆరుగురు గాబ్లిన్లు కత్తులు కింద పడేసి, చేతులు జోడించి మోకాళ్ల మీద ఉన్నారు. నిజంగా కాదులెండి, మా ఊహలో!

'స్ట్రేంజర్ థింగ్స్'లో పిల్లలు బేస్‌మెంట్‌లో కూర్చుని ఆడతారే, ఆ డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఆటే ఇది. ఒకరు కథ నడిపిస్తారు, ఆయనే డన్జన్ మాస్టర్. మిగతావాళ్లది తలా ఒక పాత్ర. మన పాత్ర ఏం చేస్తుందో నోటితో చెప్పాలి. అది అవుతుందో లేదో తెలియనప్పుడు ఇరవై ముఖాల పాచిక వేయాలి. స్క్రీన్ లేదు, గ్రాఫిక్స్ లేవు.

నా పాత్ర 'రోగ్'. రోగం కాదు, దొంగ! పేరు కొండడు. చిన్నప్పుడు సైనికులు వాళ్ల ఊరిని తగలబెట్టారు. ఊరి జనం చేతులు జోడించినా వదల్లేదు. ఈ కథ రాసుకున్నది నేనే. రెండు పేజీలు, ఎంతో ఇష్టంగా.

మరి ఆ రాత్రి నేనేం చేశానో చూడండి.

75 పాయింట్ల కోసం...

మేం ఆడేది ఐదో ఎడిషన్. ఒకటో లెవెల్ నుంచి రెండుకి వెళ్లాలంటే 300 ఎక్స్‌పీరియన్స్ పాయింట్లు కావాలి. ఒక్కో గాబ్లిన్‌కి 50. ఆరుగురికి 300. నలుగురం పంచుకుంటే తలా 75. నా షీట్‌లో అప్పటికి 225 ఉన్నాయి. లెక్క సరిగ్గా సరిపోయింది.

"వేసేద్దాం" అన్నాను.

క్లెరిక్ పాత్ర ఆడే మా కొలీగ్ పెన్సిల్ కింద పెట్టేసింది. "కొండడు ఈ మాట అంటాడా?"

"75 పాయింట్లు వస్తాయి కదా."

"అయితే మాట్లాడుతున్నది కొండడు కాదు. నువ్వు."

ఎవరూ మాట్లాడలేదు. డన్జన్ మాస్టర్‌గా ఉండే మా సీనియర్ అన్న పుస్తకం తీసి ఒక పేజీ చూపించారు. ఓడించడమంటే చంపడమే కాదట. తరిమేసినా, బంధించినా అవే పాయింట్లు. అంటే వాళ్లని కట్టేసినా నాకు లెవెల్ వచ్చేదే. చంపమని రూల్ చెప్పలేదు. నాకు నేనే అలా అర్థం చేసుకున్నాను.

కట్టేశాం. లెవెల్ వచ్చింది. కానీ సంబరం రాలేదు.

ఆఫీసులోనూ అదే ఆట

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆఫీసులోనూ నేను చేస్తున్నది అదే. అప్రైజల్ దగ్గర పడుతోందని చిన్న చిన్న టికెట్లు ఏరుకుని మూసేస్తున్నాను. ఎవరికీ అంతుపట్టని బగ్‌ని మాత్రం పక్కన పెట్టేశాను. కొత్తగా చేరిన కుర్రాడు రెండుసార్లు డౌట్ అడిగితే "తర్వాత చూద్దాం" అన్నాను. మూడోసారి అతను అడగలేదు. అలా చేయమని నాకెవరూ చెప్పలేదు. కౌంట్ చూశాను, మిగతాది నేనే ఊహించుకున్నాను.

దేనికి పాయింట్లో, అదే ఆట

తర్వాత కాస్త చదివితే తెలిసింది, ఈ గొడవ ఆట పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో డన్జన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చినప్పుడు, రాక్షసుల్ని ఓడిస్తేనే కాదు, బంగారం బయటికి తెచ్చినా పాయింట్లే. అందుకే తెలివైన ఆటగాళ్లు పోరాటం తప్పించుకుని, నిధి మాత్రం ఎత్తుకొచ్చేవాళ్లు.

1978లో వచ్చిన 'రూన్‌క్వెస్ట్' లెవెళ్లే వద్దనుకుంది. అందులో ఏ విద్య వాడి గెలిస్తే దానికి టిక్ పెట్టుకోవాలి. సాహసం అయ్యాక వందలోపు అంకె పడేలా పాచికలు వేయాలి. మీ విద్య ఎంత శాతం ఉందో, దానికంటే ఎక్కువ పడితేనే ఆ విద్య పెరుగుతుంది. కొత్తవాడు గబగబా నేర్చుకుంటాడు, 90 శాతం దాటినవాడికి ఇంకొంచెం నేర్చుకోవడం గగనమే. మన జీవితంలో జరిగేదీ అదే కదా!

నాకు బాగా నచ్చింది మాత్రం 2012 నాటి 'డన్జన్ వరల్డ్'. అందులో రెండు పాచికలు వేసి, కలపాల్సింది కలిపాక ఆరు, అంతకంటే తక్కువ వస్తే పని చెడినట్టే. కానీ ఒక ఎక్స్‌పీ వస్తుంది. ఓడిపోయినందుకు! దాంతో భయం తగ్గుతుంది. పాత్ర నిజంగా ఏం చేస్తుందో అదే చేయడానికి ధైర్యం వస్తుంది.

లీనమవడం అంటే గొంతు మార్చి మాట్లాడటం అనుకునేవాణ్ణి. కాదు. నష్టమొచ్చినా నా పాత్ర చేసే పనే నేను చేయడం.

ఇప్పుడెలా ఆడుతున్నాం?

ఎక్స్‌పీ లెక్క తీసేశాం. కథలో పెద్ద మలుపు వచ్చినప్పుడు అందరికీ ఒకేసారి లెవెల్. దీన్ని మైల్‌స్టోన్ పద్ధతి అంటారు. మూడు నెలల్లో పెరిగింది రెండు లెవెళ్లే. ఆ ఆరుగురిలో ఒకడు మాత్రం మాతోనే ఉండిపోయాడు. కొండడు వాడికి తాళాలు తీయడం నేర్పుతున్నాడు.

ఆ సోమవారం కుర్రాడి సీటు దగ్గరికి నేనే వెళ్లాను. వాడి సమస్య తేలడానికి రెండు గంటలు పట్టింది. ఏ టికెట్‌లోనూ ఎక్కలేదు. ఈసారి నా రేటింగ్ కూడా మామూలే. బాధ లేదంటే అబద్ధమే, కాస్త ఉంది. కానీ వాడు మళ్లీ డౌట్లు అడుగుతున్నాడు.

మీరూ ఆడాలనుకుంటే పెద్ద ఖర్చేం లేదు. బేసిక్ రూల్స్ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పాచికలు లేకపోతే ఫోన్‌లో యాప్ చాలు. కావాల్సింది నలుగురు ఫ్రెండ్స్, ఒక సాయంత్రం. ఎక్స్‌పీ లెక్క మాత్రం నాలాంటివాడి చేతికి ఇవ్వకండి!