ముందటి అచ్చు ఏది?

పులివెందుల ప్రాంతమునందలి కొత్తపల్లె గ్రామమున 1908వ సంవత్సరములో జన్మించిన బి. ఎన్. రెడ్డి తెలుగు చలనచిత్ర రంగమున చిరకీర్తి నార్జించిన దర్శకుడు. ఆయన తీసిన 'మల్లీశ్వరి' చిత్రము 1951వ సంవత్సరము డిసెంబరు నెలలో విడుదలయ్యెను. దేవులపల్లి కృష్ణశాస్త్రి పాటలు రచింపగా సాలూరు రాజేశ్వరరావు వానికి సంగీతము కూర్చెను. భానుమతియు, ఘంటసాలయు పాడిన ఆ పాటలు తెలుగునాట ఇంటింట మారుమ్రోగెను. ఆ దినములలో సినిమాపాటను కోరినప్పుడెల్ల ఇంట వినుటకు గ్రామఫోను రికార్డే సాధనము. నిమిషమునకు 78 చుట్లు తిరుగు నల్లని బిళ్ళ అది. లక్క, రాతిపొడి, మసి మొదలగువానిని కలిపి, వేడిచేసి, అచ్చున నొక్కి దానిని చేయుచుండిరి. ఒక్కొక్క వైపున సుమారు మూడు నిమిషముల పాట పట్టుచుండెను.

జనులు మెచ్చిన పాట ఒక్కమాఱు అచ్చుపడి ఊరకుండదు. సరకు అమ్ముడుపోయిన కొలది కర్మాగారమువారు మరల మరల అచ్చు వేయుదురు. ఏండ్లు గడచిన పిదప ఆ పాటయే వేఱొక చీటితో, వేఱొక పరిమాణమున వెలువడవచ్చును. పుస్తకమైనచో ఇది మొదటి కూర్పు, ఇది రెండవ కూర్పు అని ముఖపత్రము వెనుక ముద్రించి యుందురు. 78 చుట్ల రికార్డుపై సాధారణముగా అట్టి మాట యేదియు నుండదు. ఒకే పాట గల రెండు రికార్డులు ఒకరి చేతికి వచ్చినప్పుడు, వానిలో ముందు అచ్చైనది ఏదో యెట్లు తెలియును?

ఈ ప్రశ్న వట్టి కుతూహలమునకు సంబంధించినది కాదు. పాత పాటల లోహపు అచ్చులలో అనేకములు కాలక్రమమున నశించినవి. అట్టి పాటలకు మిగిలిన సాక్ష్యము ఎవరి యింటనో పెట్టెలో పడియున్న రికార్డు మాత్రమే. గాయకుని గొంతును భద్రపఱుపదలచినవారు లభించిన ప్రతులలో మూలమునకు మిక్కిలి చేరువైనదానిని ఎన్నుకొనవలసియుండును. తప్పు ప్రతిని ఎన్నుకొన్నచో, గొంతులో లేని గరగరను గొంతునకు అంటగట్టినవా రగుదురు. పిదపటి అచ్చులో గాయకుని పేరే మాఱిపోయిన సందర్భములును కలవు. అట్టిచోట ముందటి అచ్చును గుర్తించుట యనగా, ఒక మనుష్యునికి అతని పేరును తిరిగి యిచ్చుటయే.

రికార్డు తయారగు విధము తెలిసినగాని ఈ చిక్కు విడదు. గాయకుడు పాడుచుండగా ఒక వాడి సూది మెత్తని మైనపు బిళ్ళపై సన్నని గాడిని చెక్కును. ఆ బిళ్ళపై విద్యుత్తు సాయమున లోహపు పూతను దట్టముగా పట్టించి, ఆ పూతను ఒలిచి తీసినచో, గాడికి మాఱుగా గట్టు గల లోహపు ప్రతి వచ్చును. అది మూలపు అచ్చు. దానితోనే వేలకొలది రికార్డులను నొక్కినచో అది త్వరలో చెడిపోవును. కావున దానినుండి మరల గాడి గల ప్రతి నొకదానిని తీయుదురు. దీనికి తల్లి యని పేరు. తల్లినుండి గట్టు గల పని అచ్చులను అవసరమైనన్ని తీయవచ్చును. ఈ పని అచ్చులే యంత్రమున బిగింపబడి, వేడి లక్కముద్దను నొక్కి, రికార్డులుగా మార్చును. ఒక పని అచ్చు అఱిగినంతనే తల్లినుండి మఱియొకటి పుట్టును. ఇన్ని మెట్లలో ప్రతి మెట్టును రికార్డుపై ఏదో యొక జాడను విడిచిపోవును. పరీక్షకుడు వెదకునది ఆ జాడలనే.

ప్రొద్దుటూరు బంగారు వర్తకమునకు పేరొందిన పట్టణము. అచ్చుపై నగలు చేయు స్వర్ణకారుల పనిని చూచినవారికి ఈ జాడల సంగతి సులభముగా బోధపడును. బంగారు రేకును అచ్చుపై నుంచి కొట్టినచో అచ్చులోని పువ్వు రేకుపై తేలును. అచ్చునకు బీట వాఱినచో ఆ బీటయు గీతగా రేకుపై తేలును. ఆనాటినుండి ఆ అచ్చున పుట్టిన ప్రతి నగకును ఆ గీత తప్పదు. బీట నానాటికి పెరుగునేగాని తనంత తాను తఱుగదు. కావున గీత లేని నగ ముందటిది. పొట్టి గీత గలది తరువాతిది. పొడుగు గీత గలది ఆ తరువాతిది. లెక్కపుస్తకము లేకున్నను నగలే తమ వరుసను చెప్పుకొనును.

రికార్డులకును ఇదే న్యాయము వర్తించును. అయితే రెండు జాగ్రత్తలు కావలయును. పని అచ్చునకు పడిన గాటు రికార్డుపై ఉబ్బుగా నుండును. రికార్డు ఇల్లు చేరిన తరువాత పడిన గీత లోతుగా నుండును. మొదటిది కర్మాగారపు గుర్తు. రెండవది వాడినవారి అజాగ్రత్తకు గుర్తు. ఈ రెండింటిని కలగాపులగము చేయరాదు. ఇక రెండవ జాగ్రత్త: బీటనుబట్టి వరుస కట్టుట ఒకే పని అచ్చున పుట్టిన రికార్డులకే చెల్లును. తల్లినుండి క్రొత్త అచ్చు తీసినప్పుడు పాత అచ్చులోని బీట దానికి సంక్రమింపదు. అందుచేత బీట లేని రికార్డు కనబడినంతనే అది మొదటిదని తొందరపడి చెప్పరాదు.

రికార్డు నడుమ అతికించిన గుండ్రని చీటికిని, గాడికిని మధ్య కొంత నున్నని చోటుండును. అచ్చట సన్నని అంకెలు కనబడును. అది ధ్వనిముద్రణ సంఖ్య. చీటిపై ముద్రించిన అమ్మకపు సంఖ్య వేఱు. మొదటిది మూలపు బిళ్ళకు చెందినది. రెండవది అంగడికి చెందినది. ఒకే పాటను గాయకుడు రెండు మూడు సారులు పాడియున్నచో, ధ్వనిముద్రణ సంఖ్యయే ఆ భేదమును తెలుపును. కాని ఆ సంఖ్య పాట పాడిన కాలమునకు సాక్ష్యమేగాని, చేతనున్న బిళ్ళను నొక్కిన కాలమునకు సాక్ష్యము కాదు. పదియేండ్ల పిమ్మట నొక్కిన రికార్డునకును అదే సంఖ్య యుండును.

మన దేశపు తొలి రికార్డులు ఇందుకు మంచి ఉదాహరణములు. 1902వ సంవత్సరము నవంబరు నెలలో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అను ధ్వనిముద్రకుడు కలకత్తాలో గౌహర్ జాన్ మొదలగువారి గానమును ముద్రించెను. ఆ మూలములు జర్మనీ దేశమందలి హానోవర్ నగరమునకు పోయి, అచ్చట రికార్డులై తిరిగి వచ్చినవి. మన భాషలు తెలియని ఆ పనివారు చీటీలను తాఱుమాఱు చేయకుండుటకై, గౌహర్ జాన్ పాట ముగియగనే ఇంగ్లీషున తన పేరు చెప్పుచుండెను. 1908వ సంవత్సరమున కలకత్తాలోని సియాల్దాలో రికార్డుల కర్మాగారము ఏర్పడెను. ఒకే పాట, ఒకే ధ్వనిముద్రణ సంఖ్య గల రెండు ప్రతులలో ఒకటి హానోవరున అచ్చైనట్లును, మఱియొకటి కలకత్తాలో అచ్చైనట్లును చీటీలు తెలుపుచున్నవనుకొందము. కలకత్తా ప్రతి 1908కి పూర్వముది కానేరదు. సంఖ్య తీర్పలేని తగవును ఊరిపేరు తీర్చును.

అయినను చీటి చెప్పు సాక్ష్యమును సయితము విమర్శించి గైకొనవలయును. కర్మాగారమున పాత చీటీలు మిగిలియున్నచో వానిని క్రొత్త రికార్డులకు అతికింపవచ్చును. కావున పాత చీటి యున్నంతమాత్రమున రికార్డు పాతది కాదు. క్రొత్త చీటి యున్నచో మాత్రము, ఆ చీటి పుట్టుటకు పూర్వము ఆ రికార్డు పుట్టలేదని నిశ్చయముగా చెప్పవచ్చును.

ప్రకృతియందును ఈ సూత్రమే కలదు. జమ్మలమడుగునకు చేరువనున్న గండికోటయొద్ద పెన్నానది ఎఱ్ఱని రాతికొండను కోసికొని లోతైన లోయను చేసినది. ఆ లోయ గోడలలో రాతిపొరలు ఒకదానిపై నొకటి పేర్చినట్లు కనబడును. క్రింది పొర ముందు ఏర్పడినది; మీది పొర తరువాత ఏర్పడినది. ఎచ్చటనైనను ఒక రాతిపొరలో గులకరాయి ఇమిడియున్నచో, ఆ రాయి పొరకంటె పాతదని శిలాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. రాయి పాతదైనంతనే పొరకు ఆ వయస్సు రాదు. క్రొత్త రికార్డుపై పాత చీటి ఆ గులకరాయి వంటిది. వస్తువు వయస్సును దానియందలి మిక్కిలి క్రొత్త గుర్తే నిర్ణయించును.

'మల్లీశ్వరి' పాటలకు ఈ సూత్రము నన్వయించి చూడవచ్చును. ఆ పాటలు గల ఒక రికార్డు అట్టపెట్టెపై 'పద్మశ్రీ ఘంటసాల' అని యున్నదనుకొందము. ఘంటసాలకు పద్మశ్రీ బిరుదము 1970వ సంవత్సరమున లభించెను. పాట 1951 నాటిదే యైనను, ఆ అట్ట 1970కి పూర్వము అచ్చై యుండదు. అయితే ఒక రికార్డు అట్టలో వేఱొక రికార్డు చేరుట అరుదు కాదు. కావున అట్టను, చీటిని, బిళ్ళను వేఱువేఱుగ పరీక్షించి, మూడు సాక్ష్యములును ఏకమగుచున్నవా యని చూడవలయును.

ఇక నకలు రికార్డుల సంగతి. మూలపు అచ్చులు దొరకనప్పుడు కొందఱు పాత రికార్డును పాడించి, ఆ ధ్వనినే మరల ముద్రించి క్రొత్త రికార్డులు చేయుదురు. అప్పుడు పాత బిళ్ళపై సూది చేసిన సవ్వడియు, గీతలవలన పుట్టిన టకటక ధ్వనియు పాటతోపాటు క్రొత్త బిళ్ళలోనికి పోవును. వినుచున్నప్పుడు టకటక యని గీత ధ్వని వచ్చుచు, కంటికిగాని వ్రేలికిగాని ఆ చోట గీత కనబడనిచో, ఆ గీత మఱియొక రికార్డుది యని గ్రహింపవలయును. నకలు తన తల్లిని తానే పట్టియిచ్చును.

ఇట్టి పరీక్ష ఎంత అవసరమో తెలుపు కథ యొకటి అమెరికాలో జరిగినది. అచ్చటి నల్లజాతివారి ప్రార్థనాగీతములనుండియు, లయప్రధానమైన వారి జనప్రియ గానమునుండియు 'సోల్' అను సంగీతశాఖ పుట్టెను. సోల్ అనగా ఆత్మ యని అర్థము. 1965వ సంవత్సరమున మోటౌన్ సంస్థలో ఫ్రాంక్ విల్సన్ అను యువకుడు 'డూ ఐ లవ్ యూ' అను పాటను వ్రాసి పాడెను. వైపున కొక పాట గల చిన్న రికార్డుగ దానిని అచ్చు వేసిరి. కాని విల్సన్ గాయకుడుగ గాక, ఇతరులచేత పాడించి పాటలను రూపొందించువాడుగనే యుండుటకు నిశ్చయించుకొనెను. అచ్చైన ప్రతులలో కొలదిమాత్రమే మిగిలి, తక్కినవి నాశనము చేయబడెను.

1970వ దశకమున ఉత్తర ఇంగ్లండునందలి నృత్యశాలలలో మఱుగుపడిన సోల్ రికార్డులను వినిపించు వాడుక ప్రబలెను. విల్సన్ పాట ఎట్లో అచ్చటికి చేరెను. దానికి దొంగ అచ్చులు వెలువడెను. వానిపై గాయకుని పేరు ఎడ్డీ ఫాస్టర్ అని యుండెను. పాట విని నృత్యము చేసినవారు, పాడినవాడు విల్సన్ అని యెఱుగరు. 1979వ సంవత్సరమున మోటౌన్ రికార్డుగ ఆ పాట విల్సన్ పేరుతో ఇంగ్లండున వెలువడెను. ఇట్లు ఒకే గొంతు, ఒకే పాట, మూడు అచ్చులు. ఫాస్టర్ పేరు గల ప్రతిని మాత్రమే చూచినవారు అదియే మొదటిదని నమ్మవచ్చును. కాని 1965 నాటి ప్రతి మోటౌన్‌వారి సొంత చీటితో, వారి సంఖ్యల వరుసలో తనకు తగిన చోట నిలిచియున్నది. అందువలననే ఏది మూలమో, ఏది నకలో తేలినది. 2009లో ఆ తొలి ప్రతి యొకటి ఇరువదియైదు వేల పౌండ్లకు పైగ పలికెను. 2020లో ఒకటి లక్ష పౌండ్లకు అమ్ముడుపోయెను. విల్సన్ 2012వ సంవత్సరమున మరణించెను. అప్పటికి పాట పాడినది తానేయని లోకము గుర్తించుట ఆయన కన్నులార చూచెను.

రికార్డు పరీక్షకుడు పాటింపవలసిన నియమములు కష్టమైనవి కావు. గాయకుని పేరును, పాటను చూచి తీర్పు చెప్పరాదు. పాతగుర్తును చూచి మురిసిపోక, క్రొత్తగుర్తు ఏదైన నున్నదా యని వెదకవలయును. ఒకే సాక్ష్యముతో తృప్తి చెందక, రెండు మూడింటిని సరిపోల్చవలయును. ఈ రెండింటిలో ఇది ముందటిదని మాత్రమే తేలినచో అంతవరకే చెప్పవలయును. సంవత్సరమును ఊహించి చేర్పరాదు.

పల్లెలలోని పాత యిండ్లలో, అటకలపై, తాతలనాటి రికార్డులు నేటికిని కానవచ్చుచుండును. ఇల్లు సర్దునప్పుడు బిళ్ళ నుంచుకొని, చినిగిన సంచిని పాఱవేయుట సామాన్యముగ జరుగు పని. చీటి ఊడివచ్చినచో దానిని గీకివేయువారును కలరు. ఆ సంచిపై నున్న అంగడి పేరు, ఆ చీటిపై నున్న ఊరిపేరు, బిళ్ళ నడుమనున్న సన్నని అంకె, ఈ మూడును ఆ పాట జాతకచక్రము. వానిని తుడిచివేసిన పిమ్మట పాట వినబడును గాని, అది యెప్పటిదో చెప్పువా రుండరు.