కడలి గర్భంలో తిమింగలం పాట: లక్షల గంటల శబ్దంలో వెతికేదెలా?

రాయ్‌పూర్: రాయ్‌పూర్ వాసులు సముద్రాన్ని చూడాలంటే విశాఖపట్నం వైపో, పూరీ వైపో వందల కిలోమీటర్లు ప్రయాణించాలి. తిమింగలాల పిలుపులను వెతికే పనికి మాత్రం తీరంలో ఉండనక్కర్లేదు. పసిఫిక్ దీవుల వద్ద అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా నమోదు చేసిన ధ్వనులు అందరికీ ఉచితంగా అందుబాటులో ఉన్నాయి. కంప్యూటరు, ఓపిక ఉంటే చాలు.

చిక్కంతా పరిమాణంలోనే ఉంది. నీటి అడుగున అమర్చిన ఒక్క హైడ్రోఫోన్ ఆగకుండా పనిచేస్తే ఏడాదికి 8,760 గంటల శబ్దం పోగవుతుంది. రోజుకు ఎనిమిది గంటలు విన్నా ముగించడానికి మూడేళ్లు పడుతుంది. నోవా పరిశీలించినది సుమారు 1,87,000 గంటలు. అంటే ఒక మనిషికి 64 ఏళ్ల పని. పైగా నీలి తిమింగలం స్వరం అతి మంద్రం. దాని పిలుపుల్లో కొన్ని 20 హెర్ట్జ్‌ల లోపే ఉండి మన చెవికి అందవు.

అందుకే శాస్త్రవేత్తలు శబ్దాన్ని వినడానికి బదులు చూస్తారు. కాలాన్ని అడ్డంగా, పౌనఃపున్యాన్ని నిలువుగా, తీవ్రతను రంగుల్లో చూపే చిత్రమే స్పెక్ట్రోగ్రామ్. అందులో పిలుపు ఒక గీతగానో, వంపుగానో కనిపిస్తుంది. చిత్రాలను గుర్తించే న్యూరల్ నెట్‌వర్క్‌కు ఆ ఆకృతులను నేర్పిస్తే మిగిలిన గాలింపు అదే చేస్తుంది. నోవా, గూగుల్ ఇలా వెతికినప్పుడు, అంతవరకు హంప్‌బ్యాక్ తిమింగలాల ఉనికి నిర్ధారణ కాని కింగ్‌మన్ రీఫ్ వద్ద వాటి పాట బయటపడింది. ఈ ఫలితాలు 2021లో వెలువడ్డాయి.

అయితే యంత్రం నూటికి 99 సార్లు సరిగ్గా చెబుతుందంటే మురిసిపోనక్కర్లేదు. ఏడాది శబ్దాన్ని ఐదు సెకన్ల ముక్కలు చేస్తే 63 లక్షలు అవుతాయి. నూటికి ఒకటి చొప్పున పొరబడినా 63 వేల తప్పుడు గుర్తింపులు! అసలు పిలుపులు కొన్ని వందలే అయితే అవి ఆ గుట్టలో కలిసిపోతాయి. ప్రమాణాన్ని కఠినం చేద్దామంటే, అరుదైన జీవి గొంతే జారిపోవచ్చు. కనుక చివరి పరిశీలన ఇప్పటికీ నిపుణులదే.

మన జలాల్లోనూ ఇది జరిగింది. లక్షద్వీప్‌లోని కవరత్తి సమీపంలో దివ్య పణిక్కర్, కేట్ స్టాఫర్డ్ నీలి తిమింగలాల పాటలను నమోదు చేసి 2021లో వెల్లడించారు. రుతుపవనాలకు ముందరి నెలల్లో అవి ఎక్కువగా వినిపించాయి. పెద్ద ఓడల ఇంజిన్ల రొద సైతం దాదాపు అదే మంద్ర స్థాయిలో ఉంటుంది. ఓడలు ఎక్కడ, ఏ నెలలో వేగం తగ్గించాలో నిర్ణయించాలంటే పాట వినిపించే చోటు, కాలం ముందుగా తెలియాలి. అందుకు ఒకటి రెండేళ్ల రికార్డులు సరిపోవు.