నల్ల బెదూయిన్ మేక

నల్ల బెదూయిన్ మేక పశ్చిమాసియాలోని సినాయ్, నెగెవ్ ఎడారులలో బెదూయిన్ సంచార తెగలవారు పెంచే చిన్న మేక జాతి. దాహాన్ని ఓర్చుకోవటంలో పేరు ఒంటెదే అయినా, ఈ మేక శక్తి కూడా ఆశ్చర్యకరమైనది.

ఎడారిలో బావులు దూరదూరంగా ఉండటం వలన మందను రెండు నుండి నాలుగు రోజులకు ఒకసారి మాత్రమే నీటికి తోలుకొని వస్తారు. ఈ లోగా మేక తన బరువులో 25 నుండి 30 శాతం వరకు కోల్పోగలదు. బావిని చేరిన తరువాత కొద్ది నిమిషాలలోనే తన బరువులో మూడవ వంతుకు మించిన నీటిని త్రాగివేస్తుంది. ఇంత నీరు ఒక్కసారిగా రక్తంలో కలిసినచో ఎర్ర రక్తకణాలు ఉబ్బి పగిలిపోవాలి. అట్లు జరుగకపోవటానికి కారణాన్ని టెల్ అవీవ్ విశ్వవిద్యాలయానికి చెందిన అమిరామ్ ష్కోల్నిక్, ఆయన సహచరులు పరిశోధించారు. త్రాగిన నీరు రూమెన్ అనబడే మొదటి పొట్టలో నిలిచి, అక్కడినుండి మెల్లగా రక్తంలోకి చేరుతుంది. అనగా మేత నానే సంచియే నీటితొట్టిగా కూడా పనిచేస్తున్నదన్నమాట.

మరి ఎండ ప్రాంతంలో నలుపు రంగు ఎందుకు? వేసవిలో అది నష్టమే, వేడిని ఎక్కువగా గ్రహిస్తుంది. అయితే మేత దొరకని చలికాలంలో ఎండకు నిలబడి ఒళ్ళు వెచ్చచేసుకొని, ఆ మేరకు ఆహారాన్ని ఆదా చేసుకోగలదని 1980లో ప్రచురితమైన పరిశోధనలు సూచించాయి.

మేకలు చెట్లను పాడుచేస్తాయన్న కారణంతో ఇజ్రాయేల్ 1950లో వాటి మేతను కట్టడి చేస్తూ చట్టం చేసింది. దీనివలన బెదూయిన్ల మందలు తగ్గిపోయాయి. 2016లో కార్చిచ్చులు చెలరేగిన తరువాత, ఎండుపొదలను మేసి మంటలను అదుపుచేసేవి మేకలే అన్న వాదం బలపడి, 2018లో ఆ చట్టం రద్దయినది.