వ్రేలికి అందు మీట

పరీక్ష దరఖాస్తును మొబైల్ ఫోనులో నింపుచున్న విద్యార్థి పుట్టిన తేదీని సరిదిద్దుటకు 'మార్చు' అను మీటను తాకబోయి, దాని నానుకొనియున్న 'సమర్పించు' మీటను తాకినాడనుకొందము. తప్పుడు తేదీతోనే దరఖాస్తు వెడలిపోవును. అతడు తన తొందరను నిందించుకొనును. ఆ నిందలో పెద్దపాలు తెరను రూపొందించినవారికి చెందవలెను.

ఇందలి సూత్రము మొబైల్ ఫోనుకంటె పాతది. 1954లో పాల్ ఫిట్స్ అను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఒక ప్రయోగమును ప్రకటించెను. బల్లపై రెండు లోహపు పలకలను ఎడముగా అమర్చి, చేతిలోని కడ్డీతో వానిని మార్చి మార్చి తాకుమని 16 మందిని కోరెను. పలకల వెడల్పును పావు అంగుళము మొదలు 2 అంగుళముల వరకు, ఎడమును 2 మొదలు 16 అంగుళముల వరకు మార్చి చూచెను. దూరము పెరిగినను, వెడల్పు తగ్గినను ఎక్కువ కాలము పట్టినది. ఇది ఎవరైనను ఊహింపగలిగినదే. విశేషమేమనగా, రెంటిని కలిపి రెట్టించినచో కాలము దాదాపు మారలేదు! కాలమును నిర్ణయించునది దూరమునకు, వెడల్పునకు గల నిష్పత్తి. ఆ నిష్పత్తి రెట్టింపైన ప్రతిసారియు కాలమునకు ఇంచుమించు ఒకే మొత్తము కలియుచుండును. గణితములో ఇట్టి సంబంధమును లాగరిథమ్‌తో సూచింతురు.

తరగతిలో దీనిని పరీక్షించుటకు కాగితము, పెన్సిలు చాలును. 1 సెం.మీ. చతురస్రములు రెండింటిని, వాని కేంద్రముల మధ్య 8 సెం.మీ. ఉండునట్లు గీసి, 20 సెకండ్లలో ఎన్ని చుక్కలు పడునో, ఎన్ని గీత దాటునో లెక్కింపవలెను. పిమ్మట 2 సెం.మీ. చతురస్రములను 16 సెం.మీ. ఎడముగా గీసి పోల్చవలెను.

వ్రేలికొన కడ్డీవలె సన్ననిది కాదు. మెత్తనై, తాకవలసిన మీటనే కప్పివేయును. కనుకనే ఆండ్రాయిడ్ మార్గదర్శక సూత్రములు మీటకు సుమారు 9 మి.మీ. కొలతను సూచించుచున్నవి. ఒంటిచేత ఫోను పట్టినప్పుడు బొటనవ్రేలు పై మూలకు కష్టముగా చేరును. మాటిమాటికి వాడు మీట క్రిందనుండుట మేలు. తిరిగి సరిదిద్దుటకు వీలులేని పనిని చేయు మీటను మాత్రము కావలెననియే దూరముగా నుంచవచ్చును.

తెలుగు తెరలకు మరియొక చిక్కు కలదు. 'రాష్ట్రము' వంటి మాటలో అక్షరము క్రింద వత్తులు దిగును. ఆంగ్లాక్షరముల ఎత్తునకు కొలిచిన మీటలో అవి తెగిపోవును. అక్షరములను కుదించి ఇరికించినచో వృద్ధులు చదువలేరు. మీట ఎత్తునే పెంచవలెను. అది వ్రేలికిని అనుకూలమే.